సెలవు చీటీలో లేని మాట

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితమో ఆమెను 'డాక్టరమ్మ' అనడమే తప్ప పేరు పెట్టి పిలిచినవారిని నేనెరుగను. సన్మానాలంటే ఆమెకు గిట్టేది కాదు. అందుచేత ఆమె గుణగణాలను వర్ణించే పని పెట్టుకోను. ఆమె ముప్పై ఏళ్ళు మోసిన ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని మీ ముందు ఉంచుతాను. గర్భవతి పనికి రాలేక సెలవు పెట్టినప్పుడు, చీటీ మీద ఆమె ఒంట్లోని బాధ పేరు రాస్తాం. ఆ బాధ ఎక్కడ పుట్టిందో రాయడానికి ఆ చీటీలో గడి ఉండదు. ఎందుకు ఉండదన్నదే ఆమె ప్రశ్న.

కార్మిక శాఖలో సహాయ కార్మిక అధికారిగా చేరిన కొత్తలో, హైదరాబాదు శివార్లలోని ఒక ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాజ్య బీమా) డిస్పెన్సరీలో ఆమెను మొదటిసారి కలిశాను. ఆమె సొరుగులో పొడుగాటి లెడ్జరు ఒకటి ఉండేది. ప్రతి గర్భవతికీ అందులో ఎదురెదురుగా రెండు పేజీలు. కుడి పేజీలో తాను మొదట ఏం అడిగారో అది. ఎడమ పేజీలో చివరికి సర్టిఫికెట్ మీద ఏం రాయాల్సి వచ్చిందో అది. ఆవేళ తెరిచి చూపించిన పేజీలు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. మందుల కంపెనీలో మాత్రల స్ట్రిప్పులను అట్టపెట్టెల్లో సర్దే అమ్మాయి. తొలిచూలు, ఐదో నెల. కుడి పేజీలో, 'కూర్చుని చేసే పని ఇప్పించగలరు' అని ఉంది. దాని కిందే సూపర్‌వైజర్ జవాబు, ఆ అమ్మాయి వచ్చి చెప్పిన మాటల్లోనే: 'మా సెక్షన్‌లో కూర్చునే పని లేదమ్మా. ఒంట్లో బాగోకపోతే సెలవు పెట్టుకో.' ఎడమ పేజీలో, 'నడుము నొప్పి, కాళ్ళ వాపు, ఏడు రోజుల విశ్రాంతి.' పది రోజులు గడిచాక మళ్ళీ ఏడు. ఆ తరువాత పద్నాలుగు. కూర్చునే పని అడిగిన మొదటి చీటీ తిరిగి వచ్చింది. తరువాతి మూడూ చెల్లాయి.

నడుము నొప్పి నిజమే. కాళ్ళు వాచిన మాటా నిజమే. అయినా ఒక స్టూలు వేయలేని యాజమాన్యం ఇరవై ఎనిమిది రోజుల సెలవును కిమ్మనకుండా ఎలా ఇచ్చింది? డాక్టరమ్మ నాకు విప్పి చెప్పారు. జబ్బు రోజుల భృతి ఇ.ఎస్.ఐ. కార్పొరేషన్ చెల్లిస్తుంది, కంపెనీ గల్లాపెట్టె లోంచి పైసా కదలదు. స్టూలు మాత్రం కంపెనీయే కొనాలి. స్టూలు వేస్తే బెల్టు ఎత్తు మార్చాలి, ఒకరికి వేస్తే పక్కవాళ్ళూ అడుగుతారు. ఇక ఆ అమ్మాయికి చేతికొచ్చేది పూర్తి జీతం కాదు. ఇవాళ్టి లెక్క ప్రకారం జబ్బు భృతి జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులకు మించదు. నిలబెట్టింది కంపెనీ, చెల్లించింది బీమా నిధి, మిగతా నష్టం కడుపుతో ఉన్న మనిషిది.

ఈ సాయంత్రం నేను చెప్పదలచినది ఇదే. గర్భకాలంలో తీసుకునే జబ్బు సెలవుల్లో పెద్ద భాగం పని తీరు మీద ఫిర్యాదు. పనిచోట దాన్ని వినే చెవి లేక, అది డాక్టరు దగ్గరికి వెళ్ళి జబ్బు వేషం వేసుకొని తిరిగి వస్తుంది. ఇది ఎవరో ఒక సూపర్‌వైజర్ రాతిగుండె వల్ల జరిగిందనుకుంటే పొరపాటు. చట్టాలు పుట్టిన తీరులోనే దీని మూలం ఉంది. కాస్త వెనక్కి వెళ్ళక తప్పదు.

ఫ్యాక్టరీ చట్టాల కంటికి గర్భిణి ఆనింది కానుపు దగ్గర పడ్డాకనే. 1877లో స్విట్జర్లాండ్, కానుపుకు ముందూ వెనకా కలిపి ఎనిమిది వారాలు స్త్రీలను ఫ్యాక్టరీలో పెట్టుకోకూడదన్నది. మరుసటి ఏడు జర్మనీ కానుపయ్యాక మూడు వారాలన్నది. బ్రిటన్ 1891లో నాలుగు వారాలన్నది. ఇవన్నీ నిషేధాలు. ఇంటికి పొమ్మన్నారు గాని, ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని అడగలేదు. 1883లో బిస్మార్క్ తెచ్చిన జబ్బు బీమాలో బాలింత భృతిని చేర్చినప్పుడు ఆ ప్రశ్నకు కొంత జవాబు దొరికింది. అయితే ఆ సొమ్ము ఏ ఖాతాలోంచి వచ్చిందో గమనించండి. జబ్బు ఖాతాలోంచి వచ్చింది. గర్భానికీ రోగానికీ లెక్కల పుస్తకంలో ముడి పడింది అక్కడ. ఆ ముడి ఇప్పటికీ పూర్తిగా వీడలేదు.

1895లో పారిస్ ప్రసూతి వైద్యుడు అడాల్ఫ్ పినార్ ఒక చిన్న పోలిక చేశాడు. కానుపు దాకా పనిచేసిన తల్లుల బిడ్డలను ఒక వైపు, అంతకు ముందు కొంతకాలం ఆశ్రమాల్లో విశ్రాంతిగా ఉన్న తల్లుల బిడ్డలను మరో వైపు పెట్టి బరువు చూశాడు. విశ్రాంతి దొరికిన తల్లుల బిడ్డలే బరువుగా పుట్టారు. తల్లి చేసే పని కడుపులోని బిడ్డను తాకుతుందని అంకెలతో చూపిన తొలి పరిశీలనల్లో ఇదొకటి. లోకం దాని నుంచి తీసుకున్న పాఠం మాత్రం సగమే. చివరి వారాల్లో ఇంటికి పంపితే చాలుననుకున్నారు. ఆ చివరి వారాల దాకా చేయించే పని ఎలా ఉండాలన్నది పక్కన పడిపోయింది. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ప్రసూతి ఒడంబడిక కూడా ముందు ఆరు వారాలు, వెనక ఆరు వారాలు అన్న గీతనే గీసింది.

మన దేశంలో ఈ చరిత్ర బొంబాయి బట్టల మిల్లుల దగ్గర మొదలవుతుంది. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేడ్కర్ దాన్ని సమర్థిస్తూ మాట్లాడారు. కానుపుకు ముందు తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలన్నారు. భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వం మోయవలసిందేనని ఒప్పుకుంటూనే, ఆ స్త్రీ శ్రమతో లాభపడే యజమాని కూడా ఖర్చు భరించడం న్యాయమని వాదించారు. యజమానిని బాధ్యుణ్ణి చేసిన ఆ వాదంలో, పనిచోటుకు గర్భంతో సంబంధం ఉన్నదన్న గుర్తింపు ఉంది. తరువాత మనం డబ్బు సంగతి నిలబెట్టుకున్నాం. సంబంధం సంగతి జారవిడిచాం. 1929లో బొంబాయి చట్టం, 1934లో మద్రాసు చట్టం వచ్చాయి. కోస్తా, రాయలసీమలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కనుక ఆ రెండోది మనదీ. 1941లో గనుల్లో పనిచేసే స్త్రీలకు, 1948లో ఇ.ఎస్.ఐ. పరిధిలోని వారికి, చివరికి 1961లో దేశమంతటికీ ప్రసూతి ప్రయోజన చట్టం.

మన ఇళ్ళలో గర్భకాలానికి ఒక పంచాంగం ఉంది. నెల తప్పడం, వేవిళ్ళు, శ్రీమంతం, ఏడో నెల పెట్టగానే పుట్టింటి ప్రయాణం, నిండు నెలలు. తొలి కానుపుకు కూతుర్ని తీసుకెళ్ళే ఆచారంలో వేడుక పాలు ఎంత ఉన్నా, దాని అసలు పని ఆమెను అత్తింటి చాకిరీ నుంచి తప్పించడమే. సెలవు అన్న మాట మన వాడుకలోకి రాకముందే ఉన్న సెలవు అది. కూలి చేసుకు బతికే ఇళ్ళల్లో ఆ ప్రయాణం చాలాసార్లు ఆఖరి వారానికి గాని కుదిరేది కాదనుకోండి.

1961 చట్టం పంచాంగం కానుపు తేదీ నుంచి వెనక్కి నడుస్తుంది. అందులోని 4వ సెక్షన్ చదవండి. గర్భిణి కోరితే ఆమెకు కాయకష్టం గాని, ఎక్కువసేపు నిలబడే పని గాని, గర్భానికి హాని చేయగల మరే పని గాని ఇవ్వకూడదు. ఇంతకన్నా మంచి వాక్యం మన కార్మిక చట్టాల్లో అరుదు. అయితే ఎప్పుడు? కానుపుకు ముందరి ఆరు వారాల్లో, దానికి ముందరి ఒక నెలలో. అంటే నలభై వారాల గర్భంలో చివరి పది వారాలకు ఆ వాక్యం పనిచేస్తుంది. మొదటి ముప్పై వారాలకు మూగపోతుంది. 2017లో చట్టాన్ని సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు, అందులో ఎనిమిది కానుపుకు ముందే వాడుకోవచ్చన్నారు. అందరితో పాటు నేనూ సంతోషించాను. 4వ సెక్షన్ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. ఎనిమిది వారాల ముందే సెలవు మీద వెళ్ళే స్త్రీ ఆ రక్షణను అనుభవించేది ఇక రెండు వారాలు. 2025లో అమల్లోకి వచ్చి 1961 చట్టం స్థానం తీసుకున్న 2020 సామాజిక భద్రతా స్మృతిలోకీ ఆ లెక్క ఉన్నది ఉన్నట్టే వచ్చి చేరింది. 2017 సవరణ ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు గురించి కూడా ఒక మాట చెప్పింది, కానుపు సెలవు ముగిసిన తరువాతి కాలానికి. వేవిళ్ళతో బస్సులో నిలబడలేని రెండో నెల మనిషి అందులో లేదు.

ఆ ముప్పై వారాలకు చట్టం తెరిచి ఉంచిన తలుపు ఒకటే, 10వ సెక్షన్. గర్భం వల్ల జబ్బు చేసినట్టు రుజువు చూపితే ఒక నెల దాకా అదనపు సెలవు, జీతంతో. పని మార్చమని అడగడానికి దారి లేదు, జబ్బు పడ్డానని చెప్పడానికి ఉంది. డాక్టరమ్మ లెడ్జరులో ఎడమ పేజీలు ఎందుకు నిండాయో ఈ రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇది పేదదేశపు ఇరుకు వల్ల వచ్చిన సమస్య అని ఎవరైనా అనవచ్చు. నార్వే సంగతి చూద్దాం. అక్కడ ఒక పరిమితి దాకా మొదటి రోజు నుంచే జబ్బు సెలవుకు పూర్తి జీతం. అకెర్స్‌హుస్ యూనివర్సిటీ ఆసుపత్రిలో కానుపయిన సుమారు 2,900 మంది స్త్రీలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, నలుగురిలో ముగ్గురు గర్భకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు సెలవు తీసుకున్నారు. 32వ వారంలో చూస్తే 63 శాతం మంది సెలవులోనే ఉన్నారు. వారు చెప్పిన కారణాల్లో ముందు నిలిచినవి అలసట, నిద్రలేమి, కటి ప్రాంతపు నొప్పి, వాంతులు. ఈ అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా పుట్టే మాట మనకూ పరిచితమే: గర్భం జబ్బు కాదు గదా, మా అమ్మలు పొలంలో పురుడు పోసుకోలేదా? అదే అధ్యయనంలో ఇంకో వాక్యం ఉంది. పనిలో సర్దుబాటు దొరికిన స్త్రీల సెలవు, దొరకనివారి కన్నా సగటున ఏడు రోజులు తక్కువ. అంతకు చాలా ముందు, 1989లో ఆ దేశమంతటా కొత్తగా కానుపయిన ఉద్యోగినుల నుంచి సేకరించిన వివరాలతో ఎబ్బా వెర్గెలాండ్, ఆమె సహచరులు చేసిన పరిశోధనలూ ఇటే చూపాయి. పని మార్చినచోట గైర్హాజరు తగ్గింది. పని వేగం తన చేతిలో ఉన్న స్త్రీకి బాధలు తక్కువ.

తేలికైన ఉద్యోగాల్లోనే సర్దుబాటు సులువు కనుక, ఆ ఏడు రోజులూ సర్దుబాటు పుణ్యమేనని నేను ప్రమాణం చేయను. కానీ వేగం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. బెల్టు మీద పని వేగాన్ని నిర్ణయించేది బెల్టు. పక్కకు వెళ్ళి రెండు నిమిషాలు కూర్చోవాలంటే ఆమె స్థానంలో ఇంకొకరు నిలబడాలి. మూత్రానికి వెళ్ళాలన్నా అంతే, గర్భిణికి ఆ అవసరం గంట గంటకూ వస్తుంది. నీళ్ళు తాగడం మానేస్తే ఆ బాధ తప్పుతుందని మానేస్తారు, దాంతో మూత్రంలో మంట పట్టుకుంటుంది, జ్వరం వస్తుంది. అప్పుడు సర్టిఫికెట్ మీద 'మూత్రనాళ ఇన్‌ఫెక్షన్' అని పడుతుంది. ఇన్‌ఫెక్షన్‌కు కారణమైన మరుగుదొడ్డి దూరం ఏ కాగితం మీదా పడదు. 1984లో ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ మామెల్, ఆమె సహచరులు నెలలు నిండని కానుపులకూ పనికీ ఉన్న సంబంధాన్ని వెతుకుతూ, పని అలసటను ఐదు వైపుల నుంచి కొలిచారు: నిలబడే తీరు, యంత్రం మీద పని, కాయకష్టం, మనసు మీద ఒత్తిడి, చుట్టూ ఉన్న వాతావరణం. చప్పుడు, చలి వంటివన్నీ ఆ చివరి దాంట్లోకి వస్తాయి. రాత్రి షిఫ్టు సంగతి వేరే చెప్పాలి. 2019లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనంలో, ఎనిమిదో వారం దాటాక, అంతకు ముందరి వారంలో రెండు లేక అంతకు మించి రాత్రులు పనిచేసిన వారికి గర్భస్రావం ముప్పు 32 శాతం ఎక్కువగా కనిపించింది. మన నగరాల్లో రాత్రి డ్యూటీ నర్సులున్నారు, అమెరికా గడియారం ప్రకారం కంప్యూటర్ల ముందు కూర్చునే ఆడపిల్లలున్నారు. వారి ఎనిమిదో వారం 4వ సెక్షన్ ముప్పై వారాల మౌనంలోనే గడుస్తుంది.

కోర్టులు కూడా చాలాకాలం ఈ ముడి చుట్టూనే తిరిగాయి. జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీ తన ఉద్యోగులకు జబ్బు చేస్తే, ప్రమాదం జరిగితే భృతి ఇచ్చేది, గర్భం వల్ల పనికి రాలేకపోతే ఇచ్చేది కాదు. ఇది స్త్రీల పట్ల వివక్ష కాదని 1976లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. రెండేళ్ళలో ఆ దేశపు కాంగ్రెస్ చట్టం చేసి ఆ తీర్పును తిరగేసింది. అయితే గర్భిణికి పనిలో మార్పు చేసిపెట్టడం యజమాని విధి అని సూటిగా చెప్పే చట్టం అక్కడ అమల్లోకి రావడానికి మరో 45 ఏళ్ళు పట్టింది, 2023 దాకా. ఐరోపాలో 1998 నాటి మేరీ బ్రౌన్ కేసు నాకు మరీ గుర్తుండిపోయింది. రెంటోకిల్ కంపెనీలో ఆమె డ్రైవరు. దుకాణాల్లో శుభ్రతా సామగ్రి పెట్టెలను మోసుకెళ్ళి మార్చడం ఆమె పని. బరువు పని అని ఆమే చెప్పుకుంది. గర్భం వచ్చింది, బాధలు మొదలయ్యాయి, చీటీ మీద చీటీ పెట్టింది. 26 వారాలు వరసగా రాకపోతే ఉద్యోగం పోతుందన్న నియమం కింద తీసేశారు. గర్భం వల్ల వచ్చిన జబ్బును సాకు చేసి గర్భకాలంలో తొలగించడం వివక్షేనని ఐరోపా న్యాయస్థానం చెప్పింది. గొప్ప తీర్పు. ఆ పెట్టెల బరువును ఎవరైనా తగ్గించవలసి ఉండిందా అన్న ప్రశ్న మాత్రం ఆ కోర్టు ముందుకు రానేలేదు.

పనిలో మార్పు అడగాలంటే ముందు గర్భం సంగతి చెప్పాలి. చెప్పడమే కష్టం. మూడో నెల దాటేదాకా బయటపెట్టకూడదని ఇంట్లో అంటారు. చెబితే ఉద్యోగానికి ఎసరు వస్తుందేమోనని బయట భయం. ఆ భయం ఊహ కాదు. ప్రొబేషన్‌లో ఉన్న నీరా మాథుర్ అనే ఉద్యోగినిని, చేరేటప్పుడు గర్భం సంగతి దాచిందని జీవిత బీమా సంస్థ తొలగించింది. చేరేటప్పుడు నింపించిన పత్రంలో నెలసరి వివరాలు సైతం అడిగి ఉన్నాయి. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలో పెట్టించి, అలాంటి ప్రశ్నలను తొలగించమన్నది. ఇక్కడ నా సంగతీ చెప్పుకోవాలి. ఫ్యాక్టరీల్లో ప్రసూతి రిజిస్టర్లు తనిఖీ చేస్తూ జిల్లా బస్సుల్లో తిరిగిన రోజుల్లో నాకు మూడో నెల. ఆఫీసులో చెప్పలేదు. టూర్లు తగ్గించమని అడగలేదు. పన్నెండు రోజులు మెడికల్ లీవు పెట్టాను, చీటీ మీద 'జ్వరం'. ఆ చీటీ రాయించుకున్నది డాక్టరమ్మ దగ్గర కాదు. ఆమె ముఖం చూసి అడగలేక వేరే చోటికి వెళ్ళాను.

ఇంతసేపూ సెలవు చీటీ ఉన్నవారి గురించే మాట్లాడాను. మిరప కోతకు, పత్తి ఏరడానికి వెళ్ళే మనిషికి చీటీ లేదు. రాని రోజు కూలి లేదు, అంతే. నార్వేలో నలుగురిలో ముగ్గురు సెలవు తీసుకుంటే మన చేలల్లో ఆ అంకె సున్నా. ఆ సున్నాను ఆరోగ్యమని చదవకూడదు. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద రోడ్డు పనులు చేసే స్త్రీలకు ప్రసూతి సెలవు హక్కు ఉందని 2000లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలన్నది. కేంద్రం 2017లో ఆ పేరు మీద మొదలుపెట్టిన పథకంలో తొలి బిడ్డకు ఇచ్చింది 5,000. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం తల్లీబిడ్డల కిట్టుతో పాటు 12,000, ఆడపిల్ల పుడితే మరో వెయ్యి ఇవ్వసాగింది. పోయిన కూలికి పూడ్పు అని చెప్పారు. పూడ్పు మంచిదే. కానీ వంగి నాటు వేసే ఐదో నెల నడుముకు ఆ డబ్బు చేరేసరికి నాట్లు అయిపోతాయి.

ఇక స్టూలు సంగతి. నిలబడి పనిచేసే కార్మికులందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. గర్భిణులకు మాత్రమే అనలేదు, అందరికీ అన్నది. దుకాణాల్లో ఆ పాటి హక్కు కోసం కోజికోడ్ మిఠాయి వీధిలో అమ్మకపు పనిచేసే స్త్రీలు 'పెణ్‌కూట్టు' పేరుతో కూడి ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడు ఆ బాట పట్టింది. చీరల దుకాణంలో పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడిన అమ్మాయి కూర్చోవడానికి చట్టసభ కూర్చోవాల్సి వచ్చింది. ఈ ఉద్యమాన్ని నేను ప్రసూతి చరిత్రలో భాగంగానే చదువుతాను. గర్భిణి ప్రత్యేకంగా నోరు తెరిచి అడగనక్కరలేకుండా స్టూలు ముందే అక్కడ ఉంటే, ఆమె రెండో నెలలో తన రహస్యాన్ని బయటపెట్టకుండానే కూర్చోగలదు.

డాక్టరమ్మ చూపిన ఆ మందుల కంపెనీకి నేను తనిఖీకి వెళ్ళాను. 44వ సెక్షన్ రాసి నోటీసు ఇచ్చాం. నెల తిరిగేసరికి ప్యాకింగ్ బెల్టు దగ్గర ఒక చెక్క స్టూలు వచ్చింది. ఒక్కటే. ఆ అమ్మాయికి అప్పటికి ఏడో నెల దాటింది. కానుపుకు వెళ్ళేదాకా దాని మీదే కూర్చుని పనిచేసింది. లెడ్జరులో ఆ వారాల ఎడమ పేజీ ఖాళీగా ఉంది.

డాక్టరమ్మ పోయాక ఆ పుస్తకం నా దగ్గరికి వచ్చింది. మొన్న ఈ ఉపన్యాసం కోసం మళ్ళీ తెరిచాను. ఆ తరువాతి రెండు పేజీలు అదే కంపెనీలో, అదే బెల్టు దగ్గర పనిచేసే ఇంకో అమ్మాయివి. నాలుగో నెల. కుడి పేజీలో డాక్టరమ్మ చేతిరాతలో రెండు వాక్యాలున్నాయి: 'పాత అమ్మాయి పురిటికి వెళ్ళగానే స్టూలు స్టోరులో పడేశారట. మళ్ళీ అడగాలి.' ఎదురు పేజీలో, 'నడుము నొప్పి, ఏడు రోజులు.'